చప్పుడు విని చెప్పిన తీర్పు

పదకొండేళ్లుగా నా టేబుల్ సొరుగులో ఒక హార్డ్ డిస్క్ ఉంది. అరచేతిలో పట్టే వస్తువు. మోయలేకపోతున్నాను. నా పేరు చెప్పను. మూఢనమ్మకాల మీద నా వ్యాసాలు చదివినవాళ్లు, నా సభల్లో చప్పట్లు కొట్టినవాళ్లు ఎలాగూ గుర్తుపడతారు. ముందుగా తెలియాల్సింది వాళ్లకే.

తిరువూరులో అప్పట్లో నాకు డీటీపీ షాపు ఉండేది. కంప్యూటర్లు కూడా బాగుచేసేవాణ్ణి. గంపలగూడెంలో పనిచేసి రిటైరైన ఒక టీచరు గారు ఒక మధ్యాహ్నం తన కంప్యూటర్‌ను ఆటోలో వేసుకొచ్చారు. ఆవిడ భర్త చర్చిలో పాటలు పాడేవారు. ఆయన పోయి అప్పటికి ఏడాది. ఆయన గొంతు అందులో తప్ప ఇంకెక్కడా లేదు.

స్విచ్ వేశాను. డిస్క్ కటకటమని ఆగింది. మళ్లీ కటకట. డిస్క్ చెడినా ఆ చప్పుడు వస్తుంది, దానికి కరెంటు సరిగా అందకపోయినా వస్తుంది. అది నాకు తెలుసు. వేరే కంప్యూటర్‌కి తగిలిస్తే పది నిమిషాల్లో తేలిపోయేది. కానీ నా చూపు కంప్యూటర్ డబ్బా మీది నూనె మరక దగ్గర ఆగిపోయింది. పాస్టరు గారు ప్రార్థన చేసి రాసిన నూనె. షాపులో మా హేతువాద సంఘం మిత్రులు ఇద్దరు కూర్చుని ఉన్నారు.

"పోయిందండి. చచ్చినవాళ్లని లేపే ప్రార్థన మీ దగ్గర ఉందిగా, దీనికీ చేయించండి," అన్నాను. మిత్రులు నవ్వారు.

ఆవిడ కోప్పడలేదు. "ప్రార్థన సంగతి నేను చూసుకుంటాను సార్. మీరు ఇంకో కంప్యూటర్‌కి పెట్టి చూడండి. పరీక్షించకుండా దేన్నీ నమ్మొద్దని మొన్న మీటింగులో మీరే కదా చెప్పారు?"

"చూడక్కర్లేదండి. చప్పుడు వింటేనే తెలిసిపోతుంది."

మొహం చూసి జాతకం చెప్పేవాళ్లను జీవితమంతా ఎండగట్టిన నేను అన్న మాట ఇది.

పారేయడానికి తనకు చేతులు రావని, డిస్క్ నా దగ్గరే వదిలి వెళ్లారు. ఆ ఆదివారం ఎ.కొండూరు సభలో, నూనె రాసినా లేవని డిస్క్ కథ చెప్పాను. జనం బాగా నవ్వారు. తర్వాతి వారం, పారేసే ముందు ఎందుకో దాన్ని నా కంప్యూటర్‌కి తగిలించాను. చప్పుడు లేకుండా తిరిగింది. ఒక పాట నొక్కాను. ఆయన గొంతు సవరించుకుని "మొదలుపెట్టనా?" అని అడిగారు. "ఊ, కానివ్వండి," అంది పక్కనుంచి టీచరు గారి గొంతు. అక్కడే ఆపేశాను.

చెడింది ఆవిడ కంప్యూటర్‌లో కరెంటు అందించే భాగం. అంతే.

ఎందుకు తిరిగివ్వలేదు? ఇస్తే ప్రార్థనతో బతికిందంటారు, చర్చిలో సాక్ష్యం చెబుతారు. మూఢనమ్మకం పెరగకూడదనే దాచానని నాకు నేను చెప్పుకున్నాను, చాలా ఏళ్లు నమ్మాను కూడా. నిజంగా నేను భయపడింది మూఢనమ్మకానికేనా? నవ్విన ఆ ఇద్దరు మిత్రుల ముందు తప్పు ఒప్పుకోవడానికి భయపడ్డాను. ఆ రోజు పరీక్ష కోరింది ఆవిడ. చప్పుడు విని తీర్పు చెప్పి నమ్మమన్నది నేను. మా ఇద్దరిలో హేతువాది ఎవరు?

ఆవిడ ఇంకా ఊళ్లోనే ఉన్నారు. ఎదురైతే "బాగున్నారా సార్" అంటారు. ఇన్నేళ్లు మూలపడిన డిస్క్ ఇప్పుడు తిరుగుతుందో లేదో తెలియదు. ఒంటరిగా తగిలించి చూసే ధైర్యం లేదు. రేపు ఆవిడ ముందే తగిలిస్తాను. తిరగకపోతే, ఈసారి దాన్ని చంపింది నేనే. క్షమించమని అడగను. చివర్లో ఉన్న ఆ ఒక్క మాట రాయడానికే కూర్చున్నాను. రాశాక ఊపిరి కాస్త తేలిగ్గా ఆడితే, అది నాకు దక్కవలసింది కాదని తెలుసు.

టీచరు గారూ, ఆ రోజు డిస్క్ పోలేదు. నేను చూడలేదు.