మూటలోని గింజలు

ఆ మధ్యాహ్నం పడసాలలో ఉన్నవాళ్ళు: అమ్మ, అక్క, అక్క కూతురు, నేను. ఉన్నవి: రెండు చేటలు, ఒక బస్తా వేరుశనగ కాయలు, ఒక ల్యాప్‌టాప్, అందులో నేను రాసిన నవల, పదిహేడు అధ్యాయాలు.

ఉరవకొండ దగ్గరి మా పల్లె మీద రెండు రోజులుగా మబ్బు పట్టి ఉంది. వాన పడగానే విత్తాలి కాబట్టి వాళ్ళు ముగ్గురూ కాయలు ఒలుస్తున్నారు. నేను నవల పైకి చదివి వినిపిస్తున్నాను. నవల టీనేజి పిల్లల కోసం రాసింది. లోకం ఎండిపోయాక ఇద్దరు అక్కచెల్లెళ్ళు ఈ మెట్టనేల మీద మూడేళ్ళు నడుస్తారు. నేను చదివింది మెకానికల్ ఇంజనీరింగ్. వాళ్ళు రోజుకు నడిచే దూరం, తాగే నీళ్ళు, ఆగిపోయిన గాలిమర స్తంభంలో తలదాచుకుంటే లోపల ఉండే వేడి, అన్నిటికీ లెక్క కట్టాను.

అక్క కూతురికి పద్నాలుగేళ్ళు. ఆ పిల్ల ఒప్పుకుంటేనే ప్రచురణకర్తకు పంపాలని అనుకున్నాను. ముందురోజు నుంచి పదహారు అధ్యాయాలు నోరెత్తకుండా వింది. చివరి అధ్యాయంలో చెల్లెలు నడుముకు కట్టుకున్న మూట విప్పి, మూడేళ్ళు మోసిన వేరుశనగ గింజలను తొలివానకు విత్తుతుంది. చేనంతా పచ్చబడుతుంది.

అమ్మ చెయ్యి ఆగింది. "గింజలా, కాయలా?"

"గింజలే మా. కాయలైతే పొట్టు బరువు కూడా మోయాల కదా."

"ఒలిచి మూడేండ్లు పెట్టుకున్న గింజలు మొలుస్తాయంట," అమ్మ అక్కతో అంది. "మనమేమో మబ్బు చూసుకోని ఒలుస్తాండాము. ఇన్నేండ్ల సదువు యాడికి పోయిందప్పా?"

"పోనీలే మా," అక్క నవ్వింది. "ఉడకబెట్టుకోని తింటారు."

"తినేదానికీ రావు. ముక్కిపోయింటాయి."

అక్క కూతురు నవ్వలేదు. "అయితే వాళ్ళు చచ్చిపోతారా మామా?"

చిన్నప్పుడు ప్రతి ఏడూ ఇదే పడసాలలో ఒలిచాను. మబ్బు పట్టేదాకా కాయల్ని అలాగే ఎందుకు ఉంచుతారని ఒక్కసారీ అడగలేదు.

అమ్మ వంటింట్లోకి వెళ్ళి ఒక డబ్బా తెచ్చింది. పోయినేడు విత్తగా మిగిలిన ఒలిచిన గింజలు. "ఇవి ఏడాదివి. మొలకేసి చూసుకో."

ఆ పిల్ల నూరు గింజలు లెక్కపెట్టి తడి గోనెపట్టాలో చుట్టింది. తర్వాత నా వైపు తిరిగింది.

"మూడేండ్ల నడక ఏడాది చెయ్ మామా. ఈటిలో ఎన్ని మొలిస్తే వాళ్ళ చేన్లో కూడా నూటికి అన్నే మొలవాల. ఒక్కటి కూడా ఎక్కువ రాయగూడదు."

"ఒక్కటీ మొలవకపోతే?"

"అప్పుడు అదే రాయి."

సరేనన్నాను. నడకను ఏడాదికి కుదించి, చివరి రెండు పేజీలు కొట్టేశాను. ఆ పిల్ల రోజూ పొద్దున లేవగానే పట్టా తడిపేది, విప్పనిచ్చేది కాదు. ఐదో రోజు నలుగురం కూర్చుని విప్పాం. వేలితో ఒక్కొక్క గింజా జరుపుతూ తనే లెక్కపెట్టింది, రెండుసార్లు.

నూటికి తొమ్మిది మొలిచాయి.