డ్యూటీ చార్టులో ఒక పేరు

పోయిన నెల ఉప్పల్‌లో, మెట్రో స్తంభాలకు ఎదురుగా లేచిన పెద్ద ఆసుపత్రికి చెకప్ కోసం వెళ్ళాను. నా చేతికి బీపీ పట్టీ చుట్టిన డ్యూటీ డాక్టరు తల ముగ్గుబుట్టలా ఉంది. "నమస్తే సార్, గుర్తువట్టిన్రా?" అన్నాడు. పట్టాను. పట్టకపోతే బాగుండేదని తర్వాత అనిపించింది.

ఎనభైల్లో నేను కూడా డ్యూటీ డాక్టర్నే, నాచారంలో కార్మికుల కోసం నడిచే ఒక ఆసుపత్రిలో. ఫ్యాక్టరీ మిషన్లలో నలిగిన వేళ్ళన్నీ ముందు నా దగ్గరికే వచ్చేవి. పదేళ్ళపాటు కుట్లు వేసి, కట్లు కట్టి, పనిలో పనిగా బట్టతల కూడా సంపాదించాక సైతం నేను అందరికీ "చిన్న డాక్టర్"నే. నాకంటే ఆరేళ్ళు చిన్నవాడు పీజీ చేసి వచ్చి పెద్ద డాక్టరయ్యేవాడు. చివరికి నాకూ, సర్వీసులో ఉన్నవాళ్ళ కోటాలో, ఎముకల డిప్లొమా సీటొచ్చింది. సెలవు అర్జీ ఇస్తే సూపరింటెండెంటు గారు, "నువ్వు పోతే డ్యూటీ ఎవరయ్యా చేసేది?" అన్నారు. మరుసటి ఏడు మళ్ళీ సీటు, మళ్ళీ అదే మాట. పని బాగా చేస్తే ఇంత నష్టముంటుందని కాలేజీలో ఎవరూ చెప్పలేదు.

మూడో ఏడూ సీటొచ్చింది. అదే ఆఖరిది, ఆపైన వయసు దాటిపోతుంది. అర్జీ జేబులో పెట్టుకుని తిరుగుతున్న ఆ రోజుల్లో ఒక ఉదయం, మా ఎముకల సర్జన్ గారు, కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన మితభాషి, క్యాజువాలిటీ గోడ మీది డ్యూటీ చార్టులో నా పేరున్న గళ్ళన్నీ కొట్టేసి తన పేరు రాసుకుంటూ కనిపించారు.

"ఎవరు చేస్తారనే కదా ఆయన అడుగుతున్నది? నువ్వు బయల్దేరు," అన్నారు నావైపు చూడకుండానే. సూపరింటెండెంటు గారికి అడగడానికి ప్రశ్న మిగల్లేదు.

రెండేళ్ళు, యాభై దాటిన ఆ మనిషి, తన ఆపరేషన్లు చూసుకుంటూనే, నా స్టూలు మీద కూర్చుని పుండ్లు కడిగారు. వేలు నలగ్గొట్టుకుని వచ్చిన ఒక కార్మికుడు ఆయన్ని చూసి హడలిపోయాడట. "ఏంది సార్, మీరు గీడ గూసున్రు? పనిష్మెంటా?" అంటే, "అవునయ్యా, చెయ్యి కదపకు," అన్నారని, నేను సెలవుల్లో వచ్చినప్పుడు మా నర్సమ్మ నవ్వుతూ చెప్పింది.

నేను తిరిగొచ్చి పెద్ద డాక్టర్నయ్యాను, ఆయన రిటైరయ్యారు. తొంభైల చివర, ఎనిమిదేళ్ళుగా మా దగ్గరే పనిచేస్తున్న ఒక చిన్న డాక్టరు నా గదికొచ్చి, "సార్, సీటొచ్చింది. జర సూపరింటెండెంట్ సారుకు మీరొక మాట జెప్పరాదున్రి," అన్నాడు. ఆ వారం నాకు తీరిక లేదు. "నువ్వు పోతే డ్యూటీ ఎవరయ్యా చేసేది?" అన్నాను. ఆ మాట నా నోటికి అంత సులువుగా ఎలా వచ్చిందో!

పోయిన నెల ఉప్పల్‌లో నా చేతికి పట్టీ చుట్టింది అతనే.

ఇప్పుడు చార్టు కంప్యూటరే వేస్తుందట, ఒకరి గడిలో ఇంకొకరు పేరు రాసుకునే వీలు లేదట. నాకైతే అప్పట్లో గోడా ఉంది, పెన్నూ ఉంది.

"బీపీ జర ఎక్కువున్నది సార్," అన్నాడతను, పట్టీ మెల్లగా విప్పుతూ. "ఫికర్ జెయ్యకున్రి, నేనున్న గద."