లేని మామిడితోట

మా మనవరాలికి నర్సింగు కాలేజీలో సీటు రావాలంటే, మేం ఈ రాష్ట్రంలో స్థిరనివాసులమని సర్కిల్ ఆఫీసు, అంటే ఆంధ్రాలో మండలాఫీసు లాంటిది, ఇచ్చే ధ్రువపత్రం కావాలి. "దరఖాస్తు నేను రాత్తాను, నువ్వు ముట్టుకోకు" అన్నాను దానితో. ముప్ఫయ్యారేళ్ళు టాటానగర్ యార్డులో రైళ్ళు నడిపించినవాడికి ఒక దరఖాస్తు ఎంత?

నడిపించలేదు లెండి. వ్యాగన్ల వెంట నడుస్తూ వాటి నంబర్లు, అవి చేరవలసిన ఊళ్ళు పుస్తకంలో రాసుకునేవాణ్ణి. రైళ్ళు వేరేవాళ్ళు నడిపేవారు.

దరఖాస్తులో శాశ్వత చిరునామా అని ఒక గడి ఉంది. కలం ఆగకుండా శ్రీకాకుళం జిల్లాలో మా ఊరి పేరు రాసేశాను. ఇక్కడి తెలుగువాళ్ళని ఎవరినైనా మీదే ఊరని అడగండి, అటు ఆంధ్రాలో ఊరి పేరే చెబుతారు. నేను పుట్టింది బాగ్‌బేరా రైల్వే కాలనీలో. చదివింది రైల్వే బడిలో. ఇప్పుడున్న సొంతిల్లు ఆ కాలనీకి రెండు సందుల అవతల. దరఖాస్తులో రాసిన ఆ ఊరు నేను జన్మలో చూసింది రెండుసార్లు. రెండోసారి మా ఇంటికి దారి అడగాల్సి వచ్చింది.

ఆ గడి చూసి ఆఫీసుకి అనుమానం వచ్చింది. విచారణకి ఒక కర్మచారిని పంపారు. ఆవేళ నేను ఇంట్లో లేను. అతను సందు చివర టీ దుకాణంలో అడిగాడు. అక్కడ నా గురించి చెప్పేవాళ్ళకి కొదవా? "బడే ఆద్మీ హై సాహబ్, ఆంధ్రా మే ఆమ్ కా బగీచా హై, పూరా దస్ ఎకడ్!" అన్నాడట దుకాణం ఆయన. ఏటా ఆ పదెకరాల మామిడితోట పళ్ళు తామే తింటున్నామని బెంచీ మీది వాళ్ళు సాక్ష్యం చెప్పారట.

స్థానికులు కారంటూ దరఖాస్తు తిరిగొచ్చింది.

మనవరాలు ఆ కాగితం తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. నా తెలుగుకి హిందీలో జవాబిచ్చే పిల్ల అది.

"ఏటే, ఆ మొహం? మళ్ళీ రాద్దుం."

"తాతా, హమారా బగీచా హై క్యా?"

మనకి తోట ఉందా అని ఇన్నేళ్ళలో ఇంట్లో ఎవరూ నన్ను సూటిగా అడగలేదు.

"నేదు" అన్నాను.

"తో జాకే బోలియే. సబ్‌కే సామ్‌నే."

వెళ్ళి అందరి ముందూ ఆ మాటే చెప్పమంటోంది. కాలేజీ గడువు పన్నెండు రోజులే ఉంది.

ఆ తోట ఎలా పుట్టిందో కూడా చెప్పేస్తాను. మా పక్కింటి రిటైర్డ్ రైల్వే గార్డు ఒక వేసవిలో శ్రీకాకుళం వైపు తన ఊరి నుంచి జీడిపప్పు తెచ్చి వాడంతా పంచాడు. నేనేం తీసిపోయాను? మర్నాడే సాక్చి బజారులో రెండు బుట్టల మామిడిపళ్ళు కొని, మా తోటవని పంచాను. అప్పటికి తోట అర ఎకరమే. ఏటేటా పెరిగి, నేను రిటైరయ్యేనాటికి పదెకరాలయింది.

రైల్వే ఆసుపత్రి పుట్టుక కాగితం, బడి సర్టిఫికెట్టు, మా నాన్న క్వార్టరు కాగితం జతచేసి మళ్ళీ దరఖాస్తు పెట్టాం. కర్మచారి మళ్ళీ వచ్చాడు. ఈసారి నేనే అతన్ని టీ దుకాణానికి తీసుకెళ్ళాను. మనవరాలు కాగితాల సంచీతో వెనకాలే వచ్చింది. అందరూ వినేలా హిందీలో చెప్పాను: నాకు తోట లేదు, ఒక్క చెట్టయినా లేదు, మీరు తిన్నవన్నీ సాక్చి బజారు పళ్ళు.

నేల చీలిపోతుందనుకున్నాను. ముందు బెంచీ మీదున్న గార్డు పకపకా నవ్వాడు.

"మాకు తెల్దేటి బావా? సీకాకుళం తోటలో పళ్ళకి హిందీ పేపరు సుడతారేటి?"

పేపర్లు విప్పి పంచాలని ఇన్నేళ్ళలో ఒక్కసారీ నాకు తోచలేదు.

"మరి ఉన్నాదని ఎందుకు సెప్పేరు?"

"ఆఫీసరొచ్చి అడిగితే నీ పరువు తీత్తామేటి?"

"ఇజ్జత్ కా సవాల్ థా, బాబూజీ" అన్నాడు టీ దుకాణం ఆయన, గ్లాసు నా చేతికిస్తూ. వాళ్ళు నా పరువు కాపాడబోతే పిల్ల సీటు పోయేలా ఉంది.

కర్మచారి నవ్వలేదు. కలం తీసి, "తో ఆప్‌కా గాఁవ్?" అన్నాడు.

మీదే ఊరని అడిగేసరికి పాత అలవాటుకి నోరు తెరుచుకుంది. మనవరాలు నా వంకే చూస్తోంది.

"బాగ్‌బేరా" అన్నాను.

ఆ మాటంటుంటే కళ్ళు చెమర్చాయని రాద్దామనుకున్నాను. టీ వేడికి నాలుక కాలింది, అంతే.

గడువుకి రెండు రోజుల ముందు ధ్రువపత్రం వచ్చింది. పిల్లకి మొదటి జాబితాలోనే సీటొచ్చింది. కాదు, మూడో జాబితాలో.

ఈ వేసవిలోనూ రెండు బుట్టలు కొన్నాను. పేపర్లు విప్పకుండానే పంచాను. గార్డు ఒక పండు వాసన చూసి, "తోట కాపేనా బావా?" అన్నాడు.

"ఆఁ, ఈ ఏడు కాపు బాగున్నాది" అన్నాను.