తువ్వాల కింద స్కోరు

పెబ్బేరు సంతలో ఎద్దుల ధర ఎవరూ పైకి చెప్పరు. తువ్వాల కింద చేతులు కలిపి వేళ్లు నొక్కుతారు. అక్కడ బేరాలు కుదిర్చే మా నాయన, మాస్కో ఒలింపిక్స్‌లో మన హాకీ బంగారాన్ని రేడియోలో విన్న మనిషి. స్కోరు కూడా పైకి చెబితే దిష్టి తగులుతుందంటాడు.

మొన్నటి ఒలింపిక్స్ హాకీ మ్యాచ్ రోజు సంతలోనే ఉన్నాం. నేను ఫోన్‌లో చూస్తుంటే నాయన తువ్వాల కప్పి చెయ్యి చాపాడు. మనవి రెండు గోల్స్ అని రెండు వేళ్లు నొక్కాను. ఆయన తల అడ్డంగా ఊపి మూడు నొక్కాడు.

నాకు ఒళ్లు మండింది. "నాయినా, ఇది బేరం గాదు."

"నాకు తెల్వదా? జర పెంచమని జెప్పు."

పావుగంటకు మూడో గోల్ పడింది. ఈసారి మూడు వేళ్లు నొక్కాను. బేరం తెగినట్టు నాయన తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు.