అందరికీ ఒకే దోశ

అమెరికాలో మేముండే ప్లేనో ఊళ్ళో మా తెలుగువాళ్ళ ఉగాది ఫంక్షన్‌కి దోశ కౌంటర్ ప్రోగ్రాం రాసింది నేనే. గొప్పగానే చెప్పుకుంటాను, ఎవరేమనుకున్నా సరే.

మావారి వీసా మీద రావడం వల్ల ఏళ్ళ తరబడి ఉద్యోగం చేసే వీల్లేకపోయింది. వర్క్ పర్మిట్ రాగానే కమ్యూనిటీ కాలేజీలో ప్రోగ్రామింగ్ క్లాసులో చేరాను. ఫంక్షన్ అయిన మరుసటి వారమే నా మొదటి ఇంటర్వ్యూ. అక్కడ చూపించడానికి నా దగ్గర ఉన్నది ఈ ప్రోగ్రాం ఒక్కటే. ఇది నలుగురిలో నవ్వులపాలైతే ఇంటర్వ్యూకి వెళ్ళే ధైర్యం కూడా మిగలదని నాకు తెలుసు.

పని చిన్నదే. నేను లాప్‌టాప్‌లో బటన్ నొక్కితే ఒక ఆర్డర్ పుట్టి లిస్టులో చేరాలి. ఆ లిస్టు వంటవాళ్ళ దగ్గరున్న టీవీలో కనపడాలి. ఇంట్లో ఎన్నిసార్లు చూసుకున్నా చక్కగా పనిచేసింది. మాది గుంటూరు వైపు. మా ఇంట్లో దోశ అంటే కారం దోశే, అందుకే చూసుకున్న ప్రతిసారీ ఆ బటనే నొక్కాను.

ఫంక్షన్‌లోనూ మొదట వచ్చినవాళ్ళంతా మా బాపతే. టీవీ నిండా కారం దోశలు. ఇంతలో ఒకమ్మాయి చంటిదాన్ని ఎత్తుకుని వచ్చి, "ఆంటీ, బేబీకి స్పైసీ వద్దు, ప్లెయిన్ ఇవ్వండి" అంది. ప్లెయిన్ నొక్కాను. అంతే, టీవీలో ఉన్నవన్నీ ప్లెయిన్ అయిపోయాయి!

కాసేపటికి కమిటీ పెద్దాయన ప్లేటు పట్టుకుని వచ్చాడు. "ఇదేంటమ్మా, ఆస్పత్రి దోశలా ఉంది! ఇంక నీ కంప్యూటర్ కట్టిపెట్టు, చీటీలు రాసేద్దాం" అన్నాడు. వెనకాల క్యూలో నవ్వులు. నా మొహం కందిపోయింది.

మావారు పెద్ద కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్ట్. గబగబా వచ్చి, "లే, నేను ఫిక్స్ చేస్తా" అన్నారు.

"లేవను. నా కోడ్ నేను చూసుకుంటా" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. పెద్దాయనకేసి తిరిగి, "ఐదు నిమిషాలు ఓపిక పట్టండి అంకుల్" అన్నాను.

కోడ్ తెరిచి పైనుంచి చదివాను. దొరికింది. ఆర్డర్‌ని తయారుచేసే లైను, బటన్ నొక్కినప్పుడు జరిగే పనికి బయట ఉంది. అంటే ప్రోగ్రాం మొదలైనప్పుడు ఒక్క ఆర్డరే పుట్టింది, నొక్కినప్పుడల్లా దాని రకం మార్చి, దాన్నే మళ్ళీ లిస్టులో పెడుతున్నాను. పేరుకి లిస్టు నిండా దోశలే గానీ నిజానికి ఉన్నది ఒకటే. దానికి కారం తీసేస్తే ఊరందరికీ తీసేసినట్టే. ఆ లైను తీసి బటన్ పని లోపల పెట్టాను. ఇప్పుడు నొక్కిన ప్రతిసారీ కొత్త ఆర్డర్ పుడుతుంది, దేని కారం దానిదే.

మళ్ళీ నడిపించి, ఈసారి కారం ఒకటి, ప్లెయిన్ ఒకటి, ఉల్లి ఒకటి నొక్కి చూశాను. మూడూ విడివిడిగా నిలబడ్డాయి. అప్పుడు లేచి, "అందరూ మళ్ళీ చెప్పండి!" అని గట్టిగా కేకేశాను. పెద్దాయనకి కారం దోశ నేనే పట్టుకెళ్ళి ఇచ్చాను. కళ్ళు తుడుచుకుంటూ తిన్నాడు, చీటీల మాట మళ్ళీ ఎత్తలేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. నేను రెండూ ఒకే పూట గెలిచాను. ఇంటికెళ్ళేటప్పుడు కార్‌లో మావారు, "నాకైతే ఇంకాస్త టైం పట్టేదేమో" అన్నారు. నేను కాదనలేదు.

ఇంటర్వ్యూలో మేనేజరమ్మ సరిగ్గా ఆ లైను మీదే వేలుపెట్టి, ఇది లోపలే ఎందుకుండాలి అని అడిగింది. పాఠంలా చెప్పలేదు, దోశల కథంతా చెప్పాను. పడీపడీ నవ్వింది. నవ్వాక, "ఆ రోజు ఫిక్స్ చేసిందెవరు?" అంది.

"నేనే" అన్నాను.

ఈ దేశంలో నా కాగితాలన్నిటి మీదా ఇన్నాళ్ళూ డిపెండెంట్ అనే ఉండేది. ఇప్పుడు నా మెడలో ఉన్న బ్యాడ్జ్ మీద, నా పేరు కింద, ఇంజనీర్ అని ఉంది.