రేటు బోర్డుకు వీపు పెట్టి

ఊటీలో మేం దిగిన లాడ్జి గది కిటికీని పొద్దుటి మంచు ఇంకా వదల్లేదు. కెటిల్‌లో నీళ్లు పెట్టి, ఇంటి నుంచి తెచ్చిన స్టీలు డబ్బా మూత తీశాను. కరకరలాడే కడక్ జొన్నరొట్టెలు చుట్టిన గుడ్డ విప్పగానే గుప్పున పసుపు వాసన వచ్చింది. ఆర్మూర్‌ను ఆనుకున్న మా పెర్కిట్‌లో ఆ గుడ్డను నేను ఆరేసిన మిద్దె మీదే ఎవరో ఉడికించిన పసుపు కొమ్ములు ఎండబోశారు. ఆర్మూర్‌లో ఎండాకాలం అంటే ఆ వాసనే. అక్కడున్నప్పుడు అది మా ముక్కుకు తెలియనే తెలియదు. ఇంత దూరం వచ్చి, ఈ చలిగదిలో, ఊరు ఊరంతా డబ్బాలోంచి లేచి నా ముందు కూర్చుంది.

మా ఆయన శ్రీనివాస్ దుప్పటి మెడదాకా లాక్కుని మంచం మీది నుంచే డబ్బాలోకి చూశాడు. ఏమీ అనలేదు. ఏదైనా అంటే నేను రెండు మాటలు తిరిగి అనేదాన్ని. అనకపోవడంతో నాకు నిలబడితే నిలబడబుద్ధి కాలేదు, కూర్చుంటే కూర్చోబుద్ధి కాలేదు. రెండేళ్లకోసారి దుబాయి నుంచి సెలవు మీద వస్తాడు. మరో వారంలో మళ్లీ విమానం ఎక్కాలి. గుడికో పెళ్లికో కాకుండా ఊరికే తిరగడానికి మేం ముగ్గురం బయలుదేరింది ఇదే మొదటిసారి. అక్కడ ఒక్కడూ కూర్చుని తలుచుకోవడానికి అతను ఇక్కణ్నుంచి పట్టుకుపోయేది ఈ నాలుగు రోజులే. అది నాకు తెలుసు. తెలిసీ టికెట్లలో తగ్గించలేక, గది బాడుగలో తగ్గించలేక, తిండి మీద పడ్డాను. పొద్దున కెటిల్ కాఫీ, పగలు రొట్టెలు, రాత్రి అటుకులు. నిన్న సరస్సు దగ్గర కాల్చిన మక్కకంకి కావాలని మా కూతురు వర్షిణి అడిగితే, మక్కలు పండే ఊరి నుంచి వచ్చి ఇక్కడ కంకి కొంటామా అని కసిరాను. పన్నెండేళ్ల పిల్ల నీళ్ల వైపు తిరిగి నిలబడింది. బళ్లో లెక్కలు చెప్పే పంతులమ్మని కదా, కూడికలు తీసివేతలు నన్ను ఎక్కడా వదలవు. మెనూ కార్డు చేతికిస్తే కుడివైపు రేట్ల నుంచి చదివే మనిషిని నేను.

ఈ విద్య నాకు నేర్పింది మెహరున్నిసా చాచి. దీనికి హద్దు ఎక్కడుందో చూపించిందీ ఆమే.

పెర్కిట్‌లో మాదీ చాచి వాళ్లదీ పక్కపక్క ఇళ్లు, నడుమ ఒకటే గోడ. ఆమె భర్త, మా చాచా, మార్కెట్ యార్డులో పసుపు తూకం దగ్గర పనిచేసేవాడు. సీజన్‌లో ఆయన వాకిట్లో విప్పిన చెప్పులు కూడా పచ్చగా ఉండేవి. యార్డుకు సరుకు రావడం తగ్గాక, వానలు పడకముందు, రెండిళ్లవాళ్లం ఒక జీపు మాట్లాడుకుని ఎటైనా పోయేవాళ్లం. మా అమ్మ మొక్కిన గుడి ఒకటి, చాచి మొక్కిన దర్గా ఒకటి, పిల్లల కోసం ఏదో ఒక జూపార్కు. ఎటు పోయినా తిండి పెత్తనం చాచిదే. కడక్ రొట్టెలు, టమాట తొక్కు, పల్లీల పొడి, ఒక బుట్టెడు ఉల్లిగడ్డలు. హోటల్లోకి అందరినీ దర్జాగా తీసుకుపోయి, బల్లల చుట్టూ కూర్చోబెట్టి, పప్పు మాత్రం తెమ్మని చెప్పి, మెల్లగా రొట్టెల మూట విప్పేది. ఒకసారి హోటలు యజమాని లేచి వచ్చాడు.

"అమ్మా, గీడ బయటి తిండి తినొద్దు."

"బయటి తిండి నీది భాయ్. మాది ఇంట్ల చేసింది," అంది చాచి తల ఎత్తకుండానే. "జర ఇంకో గిన్నె పప్పు పంపు. మంచిగున్నది."

మెచ్చుకుంటే ఎవడు మాత్రం కోప్పడతాడు? ఆయన పప్పు పంపించాడు, ఉల్లిపాయ కూడా కోసి పంపించాడు. ఉన్ననాడు ఉగాది, లేనినాడు శివరాత్రి అంటరు గానీ, ఈమెతోని పోతే ఉన్ననాడు సుత శివరాత్రే అని మా అమ్మ జీపులో కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. చాచి కూడా నవ్వేది. నాకు మాత్రం ఆమెను చూస్తే గొప్ప ధైర్యంగా ఉండేది. ఈమె ఉంటే ఎంత దూరమైనా పోయి రావచ్చు అనిపించేది. ఆ ఆదా వల్లే కదా మేం ఏటా బయలుదేరగలిగింది. లేకపోతే మా రెండిళ్ల సంపాదనకు ఆర్మూర్ బస్టాండు దాటేవాళ్లమే కాదు.

రఫీక్ దుబాయి పోయిన ఏడాది అంతా తలకిందులైంది. రఫీక్ చాచి ఒక్కగానొక్క కొడుకు, నాకంటే ఆరేడేళ్లు పెద్ద. వీసా వచ్చింది, ఏజెంటు తేదీ చెప్పాల్సి ఉంది. ఈలోపు ఒకసారి అందరం హైదరాబాద్ పోయివద్దామనుకున్నాం. ఆ ఏడాది రొట్టెల కోసం కొత్త సంచి కొనడం ఎందుకని, చాచి యార్డు నుంచి వచ్చిన గోనెసంచిని శుభ్రంగా ఉతికి, ఎండబెట్టి, అందులో మూట కట్టింది. పసుపు దిగిన గోనెను ఎంత ఉతికినా దాని గుణం పోదని మా ఊళ్లో పిల్లలకూ తెలుసు. చాచికి తెలియదా? కానీ ఆదా చెయ్యాలన్న ఊపులో ఉన్న మనిషికి తెలిసిన సంగతులు గుర్తుకు రావు. ఇప్పుడు నా సంగతి చూస్తుంటే నాకది బాగా అర్థమవుతుంది. జీపు వేడికి మూట చెమర్చింది. మేడ్చల్ దగ్గర ఆపి విప్పితే రొట్టెలన్నీ పచ్చగా, చేదుగా.

"అమ్మీ, నన్ను పెండ్లికొడుకును చేస్తున్నవా ఏంది, గింత పసుపు పెడుతున్నవ్," అన్నాడు రఫీక్. అందరం పగలబడి నవ్వాం.

"తిను బేటా, పసుపు మంచిదే. కడుపు సాఫ్ అయితది," అంది చాచి. రెండు రోజులూ అవే తిన్నాం. తిరుగుప్రయాణంలో కామారెడ్డి దగ్గర రోడ్డు పక్కన హోటలు ముందు దమ్ బిర్యానీ దేగిశా మూత తీస్తున్నారు. ఆవిరి జీపులోకి వచ్చింది. రఫీక్ డ్రైవరు భుజం తట్టి బండి ఆపించాడు.

"అమ్మీ, గీ ఒక్కటి."

"ఇంకెంత దూరమున్నదిరా ఆర్మూర్? ఇంటికి పోయినంక నేనే దమ్ పెడ్త. గీ రోడ్డు మీద ఎవలు వండిన్రో ఏమో," అంది చాచి. రఫీక్ మొండికెయ్యలేదు. సరే అని డ్రైవరుకు పోనిమ్మని చెప్పాడు.

ఇల్లు చేరేసరికి ఏజెంటు మనిషి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. టికెట్టు ముందుకు జరిగిందట, ఆ సాయంత్రమే బొంబాయి బండి ఎక్కాలట. ఇంట్లో బియ్యం కడిగే టైము కూడా లేదు. చాచి వంటింట్లోకి పోయేది, ఊరికే బయటికి వచ్చేది, మళ్లీ పోయేది. ఆఖరికి చేతికి అందింది ఆ గోనెసంచిలో మిగిలిన రొట్టెలే. వాటినే కాగితంలో చుట్టి ఇచ్చింది. ఆటో కదిలాక గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. ఏడవలేదు. రఫీక్ దుబాయి నుంచి ఫోను చేసినప్పుడల్లా పెండ్లికొడుకు మాట చెప్పి నవ్వించబోయేవాడు. మేమంతా నవ్వేవాళ్లం. చాచి ఫోను మా అమ్మ చేతికిచ్చి అవతలికి పోయేది.

మరుసటి ఏడు జీపు ఎక్కే ముందు ఆమె అందరినీ ఆపి ఒక మాట చెప్పింది.

"ఇనుండ్రి. తిండి నేను చెప్పినట్టే, దాంట్ల ఏం ఫరక్ లేదు. గానీ ఒక్క పూట మాత్రం పోయేటోళ్లది. మనల ఎవలు దూరం పోయేది ఉంటె, వాళ్లు ఏదంటె గది. గా పూట రేటు అడిగిన్రంటె నేను ఊకోను."

అలా పోయేటోళ్ల పూట మొదలైంది. ఏ ఏటికాయేడు ఎవరో ఒకరు ఉండేవారు మా రెండిళ్లలో. గల్ఫ్‌కు తిరిగిపోయేవాళ్లు, అత్తగారింటికి పోయేవాళ్లు, హాస్టల్‌కు పోయేవాళ్లు. ఆ పూట చాచి కూర్చునే తీరు నాకు ఇప్పటికీ కళ్లముందు ఉంది. హోటల్లోకి వస్తూనే గోడ మీద రేటు బోర్డు ఎక్కడుందో చూసి, సరిగ్గా దానికి వీపు పెట్టి కూర్చునేది. ఆమెకు అంత సులువేం కాదు. బల్ల కింద కాళ్లు ఊపుతూనే ఉండేది. మెడ వెనక్కి తిరగబోతే చున్నీ సర్దుకుని ఆపుకునేది. కానీ తిరిగేది కాదు.

నేను డిగ్రీకి హైదరాబాద్ పోయే ఏడు నా వంతు వచ్చింది. పోచంపాడు డ్యామ్ చూసి, పక్కన చేపలు వేయించే దుకాణంలో కూర్చున్నాం. నేను అప్పటికే చాచికి పక్కా శిష్యురాలిని. బోర్డంతా ఒకసారి చూసి, ఇడ్లీ చాలన్నాను. చాచి నా మొహం చూసింది.

"చేపల కాడ కూసొని ఇడ్లీ అంటవా? నీ నోరు నాతోని అబద్ధం చెప్తున్నది."

"నిజంగనే చాచీ, నాకు ఆకలైతలేదు."

"పాగల్. నేను చూస్తలేనా, గా కడాయి దిక్కు నీ కండ్లు ఎట్ల పోతున్నయో. ఇనుకో. పైసలు మిగిలిస్తె మళ్ల వచ్చే ఏడు బయలెల్లనీకె. ఎవల నోరన్న కట్టేసి మిగిలిస్తె, మళ్ల బయలెల్లి ఏం ఫాయిదా? మూతి ముడుసుకునుడు ఇంట్ల కూసొని సుత ముడుసుకోవచ్చు."

వేయించిన చేప వేడివేడిగా వచ్చింది. ముళ్లు తీసి ముద్దలు నా పళ్లెంలో పెట్టింది. హాస్టల్లో ఉన్న మూడేళ్లూ, నీళ్లచారు పోసుకున్న ప్రతిసారీ, ఆ చేప నాకు గుర్తొచ్చేది. దుఃఖంగా కాదు, ధీమాగా.

చాచి చనిపోయి ఏడాది దాటింది. నలభయ్యో రోజు ఫాతెహా ప్రార్థనకు, చనిపోయినవాళ్లకు ఇష్టమైనవి వండి పెట్టడం వాళ్ల ఇంట్లో రివాజు. ఆ రోజుకు రఫీక్ సెలవు దొరికించుకుని వచ్చాడు. పొద్దున్నే గోడ అవతల నుంచి నన్ను పిలిచాడు.

"సుజాతా, అమ్మీకి ఏమిష్టముండె?"

రఫీక్‌కు దమ్ బిర్యానీ ఇష్టమని నాకు తెలుసు, చాచాకు ఖీమా, మా అమ్మకు డబుల్ కా మీఠా, నాకు చేప. చాచికి? వంటింటి గడపలో కూర్చున్న చాచాను అడిగాం. "అన్నీ తింటుండె," అన్నాడాయన. మళ్లీ తనే, "ఏది మిగిలితె అది తింటుండె," అన్నాడు. అంతే, రఫీక్ అటు తిరిగి నిలబడ్డాడు. ఆమె ఎప్పుడూ ఇల్లు విడిచి ఎక్కడికీ పోలేదు. కాబట్టి ఆమె పూట రానే లేదు. ఆ రోజు మా అందరికీ ఇష్టమైనవే వండి ఆమె పేరు మీద పెట్టాం.

ఊటీ గదిలో కెటిల్ మరిగి ఆగిపోయింది. గుడ్డ ఇంకా నా చేతిలోనే ఉంది. గదిలో ఇటు తిరిగాను, అటు తిరిగాను, ఆఖరికి శ్రీనివాస్ ముందు నిలబడ్డాను.

"ఇయ్యాల పగటీలి బువ్వ నీది. ఏడ తిందమంటె ఆడ. ఏదంటె గది."

అతను నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. "ఏం వద్దు తీ. గీ నీళ్లల్ల నూడుల్స్ ఏస్కుంటె అయిపాయె. రొట్టెలు సుత ఉన్నయి గద."

"నీ నోరు అబద్ధం చెప్తున్నది," అన్నాను. అది నా గొంతులా లేదు.

శ్రీనివాస్ దుప్పటి తీసి లేచి కూర్చున్నాడు. "చెప్తె నవ్వుతవేమో. క్యాంపుల పళ్లెం పట్టుకొని లైన్ల నిలబడాలె. రోజూ గంతే. ఏది పెట్టినా సరే, కూసున్న కాడికి ఎవలన్న తెచ్చి వడ్డిస్తె తినాలని ఉన్నది. మెల్లగ. ఎనుక ఎవడు నూకకుంట."

నాకు నవ్వు రాలేదు. రెండేళ్లు లైన్లో నిలబడి తిన్న మనిషికి, ఇంత దూరం తీసుకొచ్చి, మంచం అంచున కూర్చోబెట్టి డబ్బాలో చెయ్యి పెట్టి తినమంటున్నాను. గుడ్డ మడిచి రొట్టెల మీద కప్పి మూత పెట్టాను. వాటికేం, రైల్లో తింటాం.

పగలు బజారులో, బల్లల మీద తెల్లగుడ్డ పరిచిన హోటల్లో కూర్చున్నాం. గోడకు రేటు బోర్డు ఉంది. నేను చూసుకుని దానికి వీపు పెట్టాను. కానీ ఈ కాలపు తిప్పలు వేరు, కార్డు తెచ్చి నా ముందే పెట్టారు. దాన్ని వర్షిణి వైపు తోసేశాను. శ్రీనివాస్ మెల్లగా, ఒక్కొక్కటి అడుగుతూ, ఆలోచిస్తూ చెప్పాడు. తెచ్చారు, వడ్డించారు, ఇంకొంచెం కావాలా అని అడిగారు. అతను ప్రతిసారీ తల ఎత్తి, కావాలనే అన్నాడు. బల్ల కింద నా కాళ్లు ఊగుతూనే ఉన్నాయి. ఇంత మంచి తిండి ముందు పెట్టుకుని కూడా నా మెడ వెనక్కి లాగుతూనే ఉంది. ఇది నాకు పోదు. చాచికీ పోలేదు. తిరగకుండా ఉండటమే మా ఇద్దరికీ చేతనైంది.

ఎందుకిలా కూర్చున్నావని వర్షిణి అడిగితే పోయేటోళ్ల పూట సంగతి చెప్పాను. చాచి సంగతీ చెప్పాను. పిల్ల అంతా విని, చెంచా పక్కన పెట్టింది.

"బాపు దుబాయి పోతడు కాబట్టి ఇయ్యాల బాపుది. నేను పెద్దగైనంక సదువుకు పోతే నాది. నువ్వు ఏడికి పోవు గద అమ్మా. మరి నీది ఎప్పుడు?"

శ్రీనివాస్ తినడం ఆపాడు. పిల్ల కార్డు తిప్పి నా ముందుకు జరిపింది. "నీకేమిష్టం? చెప్పు."

నాకు ఏమీ తట్టలేదు. ఇన్నేళ్లుగా ఎన్ని కార్డులు చదివానో, అందులో ఏది తినాలనుందో నన్ను నేను అడిగిన గుర్తు లేదు. గోడ అవతల నుంచి రఫీక్ పిలిచినట్టే అనిపించింది.

"జర ఆగు బిడ్డా," అన్నాను. కార్డు కుడివైపు అంకెల మీద అరచెయ్యి పరిచి, ఎడమవైపు పేర్లను పై నుంచి ఒక్కొక్కటే చదవడం మొదలుపెట్టాను.