పెత్రమాసనాడు నా నోట వచ్చిన పేరు

దయ్యాలు, ఆత్మలు అంటే నాకు నవ్వు. ఆబిడ్స్‌లో బట్టల దుకాణంలో ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్నాను. చేత్తో పట్టి చూస్తే తప్ప దేన్నీ నమ్మను. ఇది చదివి ఆటపట్టించే దోస్తులు ఎలాగూ ఉంటారు. కానివ్వండి.

నాయిన పోయే ముందు దవాఖానలో నాతో ఒక్క మాట అన్నాడు. "పెత్రమాసకు బియ్యం ఇచ్చేటప్పుడు ఎవ్వర్నీ మరువకు బిడ్డా."

సరేనన్నాను. ఎవరెవరికి ఇవ్వాలో అడగాలని మాత్రం నా బుర్రకు తట్టలేదు. ఆ పితృ అమావాస్యనాడు, పోయినవాళ్ల పేర్లు చెప్పి గుడిలో అయ్యగారికి బియ్యం, కూరగాయలు ఇస్తాం. ఏటా నాయిన ఒక్కడే పొద్దున్నే వెళ్లి ఇచ్చి వచ్చేవాడు. నేను ఒక్కసారీ వెంట వెళ్లలేదు.

మొన్నటి పెత్రమాసకు ఆ పని నా మీద పడింది. నాయిన, తాత, నాయనమ్మ అని అమ్మ ముగ్గురి పేర్లు చెప్పింది. అయినా గుబులే. ఎవరినైనా వదిలేస్తే నాయినకిచ్చిన మాట తప్పినట్టే. మళ్లీ అడుగుదామంటే మనిషి లేడు.

నాంపల్లిలో మా ఇంటి దగ్గరి గుడిలో లైన్ కట్టి, నా వంతు రాగానే మూడు పేర్లూ చెప్పాను. "ఇంకెవరన్నా ఉన్నరా?" అని అయ్యగారు అడిగారు. లేరు అందామని నోరు తెరిచాను.

"లచ్చవ్వ" అన్నాను.

ఆ పేరుగల మనిషెవరూ నాకు తెలియదు. అయ్యగారు ఆ పేరు మీద కూడా నువ్వులు, నీళ్లు వదిలించారు. పక్కనున్న నా భార్య "ఎవరామె?" అని గుడ్లురిమింది. ఇంటికొచ్చి అమ్మను అడిగితే ఎప్పుడూ వినలేదంది. చివరికి కాచిగూడలో ఉండే మా మేనత్తకు ఫోన్ చేశాను.

పేరు చెప్పగానే అత్త గొంతు తగ్గించింది.

"మీ నాయిన చెల్లె, నాకంటె ముందు పుట్టిన పిల్ల. మీ నాయిననే సంకల ఎత్తుకొని తిరిగేటోడట. రెండేండ్లకే పోయింది. పసిపిల్లలకు బియ్యం ఇయ్యరు గదా, నవ్వుతరని ఎవ్వరికి చెప్పకుండ ఇచ్చేటోడు. నాకొక్కదానికే ఎరుక. ఈసారి ఎవరిస్తరని వారం నుంచి ఒకటే ఫికర్. నీకెట్ల చెప్పాల్నో తెలువలే."

నా ప్రాణం కుదుటపడింది. మాట తప్పలేదు, అంతే చాలు.

చిన్నప్పుడు నాయిన నిద్రలో కలవరిస్తే విన్నానేమో అని నాకు నేనే సర్దిచెప్పుకుంటుంటాను. నమ్మబుద్ధి కాదు. ఆ పేరు ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను. ఆ రోజు అత్తతోనూ అదే అన్నాను.

"తెలువకుంటె తెలువకపాయె" అంది, ముక్కు చీదుకుంటూ. "జర ఇంకోసారి అను బిడ్డా, ఆ పేరు."

అన్నాను.